వాయిదా వేసిన ఎండ

పిడుగురాళ్ళలో ఎవరింట్లో ఏసీ బిగించాలన్నా సైదారావు రావలసిందే. డాక్టర్ల గదులూ, బట్టల కొట్లూ, కల్యాణమండపంలో పెళ్ళికూతురి గదీ అన్నీ అతని చేతి చలవే. అలాంటివాడి సొంత ఇంట్లో ఏసీ లేదంటే నమ్మరు గానీ, నిజంగానే లేదు. బిగించక కాదు, నిలవక. మూడుసార్లు బిగించాడు మహానుభావుడు. అతని ఇల్లున్నది సున్నంబట్టీల వీధిలో. బయట పెట్టిన డబ్బా సందుల్లో సున్నప్పొడి పేరుకుపోయి, వారం తిరక్కుండా గాలాడక కంప్రెసర్ పడుకునేది. పోతుంది కదా అని నీళ్ళు కొడితే ఆ పొడి కాస్తా గచ్చులా బిగుసుకుపోయేది. మూడోసారి డబ్బా ఊడదీసి వీధిలోకి విసిరికొట్టి, అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

మగాడు ఏసీ కోసం ఏడుస్తాడా అని నవ్వినవాళ్ళు కూడా మోక్షితను చూసి నోరు మూసుకున్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల. పుట్టుకతోనే ఒంట్లో చెమట గ్రంథులు లేవు. మనకు ఉక్కపోస్తే చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. ఆ పిల్లకు పట్టదు. లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. ఎండాకాలం వచ్చిందంటే తల్లి కోటేశ్వరికి ఒకటే పని: చొక్కా తడిపి తొడగడం, అది ఆరగానే ఇంకోటి తడిపి తొడగడం, పావుగంటకోసారి, రాత్రీ పగలూ. నిరుడు మే నెలలో పొయ్యి దగ్గర పనిలో పడి అరగంట మర్చిపోయింది పాపం. పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు. "వచ్చే ఎండాకాలానికి చల్లటి గది చూసుకోండి. లేకపోతే నేను పూచీ పడలేను," అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచీ సైదారావుకు కుదురన్నది లేదు. అన్నం ముందు కూర్చుంటే లేచేవాడు, లేస్తే ఎందుకు లేచాడో తెలిసేది కాదు.

సరిగ్గా అప్పుడే ప్రసూనాంబ మేడం దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆవిడ ఎక్కడెక్కడో పరిశోధనలు చేసి, పదవీ విరమణ చేశాక సొంతూరు వచ్చి, తండ్రి కట్టిన పాత సున్నం గోదాంలో ప్రయోగశాల పెట్టుకున్న మనిషి. ఊళ్ళోవాళ్ళకు ఆవిడంటే భయభక్తులు, వెనకాల కొంచెం వేళాకోళం కూడా. ఏదో ఫ్యాను అమర్చాలంటే సైదారావు పనిముట్ల సంచీ తగిలించుకుని వెళ్ళాడు.

గోదాం మధ్యలో బల్ల, బల్ల మీద చదరంగం పలకంత నల్లటి పలక ఒకటి. దాని మీద మేడం పొగలు కక్కే టీ గ్లాసు పెట్టారు. సైదారావు చూస్తుండగానే పొగ ఆగింది. గ్లాసు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నాయి.

"వేడి ఎటు బోయింది మేడం? బయట డబ్బా లేదు, గొట్టం లేదు."

"ఎటూ పోలేదు. రేపటికి పోయింది," అన్నారావిడ. "ఇటు రా. బల్లకి ఆ చివర చెయ్యిపెట్టు."

అక్కడ ఏమీ లేదు, ఉత్త చెక్క. అయినా చెప్పారు కదా అని చెయ్యి ఆనించాడు. మేడం గడియారం చూస్తున్నారు. పదకొండూ పది అయ్యేసరికి అరచేయి చురుక్కుమంది. అబ్బా అని చెయ్యి లాక్కున్నాడు.

"నిన్న ఇదే టైముకి పలక అక్కడ ఉంది. నిన్నటి టీ వేడి అది. పలకని ఎక్కడికి మార్చినా సరే, వేడి ఎక్కడ లోపలికి పోయిందో అక్కడే బయటికొస్తుంది. నేను వేడిని తీసెయ్యడం లేదు సైదారావ్, వాయిదా వేస్తున్నాను. ఒక రోజుకి వెయ్యొచ్చు, ఎనిమిది నెలలకీ వెయ్యొచ్చు."

సైదారావుకు సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థమైన సగం చాలు, ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. "మేడం, మా పిల్ల ఉంది," అన్నాడు. 

ఏప్రిల్ ఇరవయ్యారున సైదారావు ఇంట్లో పెట్టె బిగించారు. పలకలు వరసగా పేర్చి, ముందు ఫ్యాను పెట్టి, రేకు డబ్బాలో కూర్చింది మేడమే అయినా గోడకు ఎక్కించింది మాత్రం సైదారావే. నీళ్ళ గొట్టంతో మట్టం చూసుకుని, నాపరాతి గోడకు తూట్లు పొడిచి, ఇనప కమ్మీలు దిగ్గొట్టాడు. వీధిలో జనమంతా గుమ్మంలోనే ఉన్నారు. బయట డబ్బా ఏదయ్యా అని ఒకరు, డబ్బా లేకుండా బిగించాడంటే ఎండకు వీడి బుర్ర చెడిందని ఇంకొకరు. పక్కనున్న బట్టీకి మేస్త్రీ సిలార్ సాయిబు మాత్రం గెడ్డం నిమురుకుంటూ, "వేడి యాడికో ఆడికి పోవాల గదరా అల్లుడూ. ఇది యాడికి పోతంది?" అని అడిగాడు.

"పుష్యమాసానికి పోతంది మావా. అప్పుడు చలి కాచుకుందువు గాని రా."

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. కోటేశ్వరిని పక్కకు పిలిచి చెప్పారు: "చూడమ్మా, ఇది నిండితే దానంతటదే ఆగుతుంది. ఎర్ర దీపం వెలుగుతుంది. పలకల్లో వేడి సర్దుకోడానికి మూడు గంటలు ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఆ మూడు గంటలూ మీరు తడిబట్టతో సర్దుకోవాలి. చలికాలంలో వేడి బయటికొచ్చేటప్పుడు పిల్లని ఆ గదిలో ఉంచొద్దు. ఇంతే."

"అంతేనా మేడం. దేవతవు తల్లీ," అంది కోటేశ్వరి.

ఆ మధ్యాహ్నం ఒక విచిత్రం జరిగింది. మోక్షిత దుప్పటి అడిగింది. పుట్టి ఎనిమిదేళ్ళయినా ఎండాకాలంలో ఆ పిల్ల ఒంటిమీద పొడిబట్ట ఉండి ఎరగదు. తల్లి ట్రంకుపెట్టె అడుగున ఉన్న దుప్పటి తీసి కప్పి, పక్కనే చాప మీద ఒరిగి, మూడు గంటలు ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. సైదారావు గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూస్తూనే ఉన్నాడు. అతనికి కడుపు నిండిపోయింది.

రెండు రోజులే ఆ ముచ్చట. మూడో రోజు నలభై ఏడు డిగ్రీలు. వీధిలో కుక్కలు కూడా మురిక్కాలవల్లో దూరాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి పెట్టె కీచుమని ఎర్ర దీపం వెలిగించి ఆగిపోయింది. రెండు నుంచి ఐదు! అసలు ప్రాణం పోయే టైమంతా అదే కదా. గది క్షణాల్లో ఉడికిపోయింది. కోటేశ్వరి తడిబట్టలకు పరిగెత్తింది. పిల్ల మొహం కందగడ్డలా అయ్యి, "నాన్నా, దాన్ని వెయ్యి నాన్నా," అని కళ్ళు తేలేసింది.

ఇక్కడ సైదారావు చేసిన పని మన ఊళ్ళలో ఏ మెకానిక్కయినా చేసేదే. సెన్సారు మాటిమాటికీ ఆపేస్తోందని ఎవరైనా పిలిస్తే, ఆ తీగ తెంపి రెండు కొసలూ కలిపి టేపు చుట్టి, "డైరెక్ట్ చేశా సార్, ఇంక ఆగదు," అనేసి పోతారు. ఏసీకి చేస్తారు, ఫ్రిజ్‌కి చేస్తారు, మోటారుకి చేస్తారు. చేతులకు అలవాటైపోయిన పని, బుర్రను అడగనక్కర్లేదు. కోటేశ్వరి బావి దగ్గర బకెట్ నింపుకొచ్చేలోగా సైదారావు స్టూలెక్కి, రేకు విప్పి, డైరెక్ట్ చేసేశాడు. పెట్టె మళ్ళీ చల్లగా ఊదింది.

"ఏమయ్యా, వచ్చిందా?"

"వచ్చింది. లూజు కాంటాక్టు," అన్నాడు.

అప్పటి నుంచీ పెట్టె ఆగలేదు. మే నెలంతా ఆగలేదు. మోక్షిత బుగ్గలు పూడాయి, బొమ్మలు వేసింది, గడగడా ఎక్కాలు చదివింది. వీధిలో పిల్లలు ఆ గదిలోకొచ్చి ఆడుకున్నారు. సైదారావు మాత్రం ఇంట్లో ఉంటే పనిలోకి పోయేవాడు, పనిలో ఉంటే ఇంటికొచ్చి ఆ గోడను తడిమి చూసుకునేవాడు. ఏం కాదులే అని వందసార్లు అనుకున్నాడు. వందసార్లు అనుకోవలసి వచ్చిందంటేనే తెలుస్తోంది కదా, ఏదో అవుతుందని అతనికీ తెలుసు.

రోహిణి కార్తె వచ్చిన మూడో రోజు సాయంత్రం కోటేశ్వరి కేకేసింది. "ఏమయ్యా! ఈ గోడేందిట్టా కాలుతంది?"

పెట్టె చల్లగానే ఊదుతోంది. దాని చుట్టూ గోడ మాత్రం చెయ్యి పెట్టనివ్వడం లేదు. సైదారావు మేడంకి ఫోను చేశాడు. చేశాడు గానీ, ఆవిడ వచ్చేలోగా ఇంకో పని కూడా చేశాడు. స్టూలెక్కి, టేపు ఊడదీసి, తెంపిన తీగను ఎప్పటిలా అతికించేశాడు.

మేడం పరికరాలతో వచ్చారు. డబ్బా విప్పి చూశారు, అంతా సక్రమంగానే ఉంది. గోడకు మీటరు పెట్టి చూశారు. తీసి మళ్ళీ పెట్టి చూశారు.

"పుష్యంలో రావలసిన వేడి ఇప్పుడే కారుతోంది. నిండితే ఆగేది కదా, మరి ఇలా ఎందుకవుతుంది?" అని తనలో తానే గొణుక్కున్నారు. "పెట్టె ఆపెయ్యండి. ఇక్కడ ఎవరూ పడుకోవద్దు. ఎప్పుడొస్తుందో, ఎంత వస్తుందో నేను చెప్పలేను. నా లెక్కే తప్పు."

ఆవిడ వెళ్ళిపోతుంటే సైదారావు వీధి చివరిదాకా వెనకాలే నడిచాడు. చెప్పాలని నోరు తెరిచాడు, మూశాడు. తెల్లవార్లూ బట్టీ ఆఫీసు వరండాలో కోటేశ్వరి పిల్లకు చొక్కాలు మారుస్తుంటే, ఇతను కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు.

పొద్దున్నే ఏడింటికి ప్రయోగశాలకు వెళ్ళాడు. బల్ల మీద నల్ల పలకలన్నీ గోనెపట్టాలో చుట్టి ఉన్నాయి. గోడ నిండా రాసుకున్న లెక్కల్ని మేడం తడిగుడ్డతో తుడుస్తున్నారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకి రెండు పెట్టెలు ఇస్తానని మాటిచ్చాను సైదారావ్. ఇవ్వలేనని ఇప్పుడే ఉత్తరం రాశాను. పాతికేళ్ళు ఇదే పని మీద కూర్చున్నాను. ఇంత మోటు తప్పు ఎక్కడ చేశానో కనపడ్డం లేదు. ఇంక నాకు ఓపిక లేదు."

ఆవిడ చెయ్యి గోడ మీద కిందికీ పైకీ ఆడుతోంది. ఒక్కొక్క అంకే చెరిగిపోతోంది. సైదారావుకు ఇంక నిలబడ్డం చేతకాలేదు.

"తుడవమాకండి మేడం. తప్పు మీది కాదు. నేను డైరెక్ట్ చేశా."

"ఏం చేశావ్?"

"సెన్సారు తీగ తెంపి కలిపేశా. మూడో రోజే. నిన్న మీరొచ్చే ముందు మళ్ళీ అతికించా."

ప్రసూనాంబ తడిగుడ్డ కింద పడేశారు. కొడతారనుకున్నాడు. కొట్టినా బాగుండేది. "నెల రోజులు ఆగకుండా నడిచిందా?" అని మాత్రం అడిగారు, చాలా మెల్లిగా.

"నడిచింది మేడం."

"ఏ రోజు తెంపావు? ఏ గంటకి? కచ్చితంగా చెప్పు."

"ఏప్రిల్ ఇరవై ఎనిమిది. మధ్యాహ్నం రెండూ పది. పిల్ల కళ్ళు తేలేసింది, అప్పుడు గోడ గడియారం చూశా."

మేడం గోడకేసి తిరిగి చెరగకుండా మిగిలిన లెక్కలో అంకెలు వేశారు, కొట్టేశారు, మళ్ళీ వేశారు. సుద్దముక్క విరిగింది. ఇటు తిరిగారు.

"నిండిన పలకలో ఇంకా కుక్కితే వాయిదా కుంచించుకుపోతుంది. గంట గంటకీ విడివిడిగా రావలసింది ఒక్క ముద్దగా వస్తుంది. ఇవాళే. సాయంత్రం నాలుగు దాటాక. నెల రోజుల ఎండ మొత్తం ఒక్క పూటలో, మీ గదిలో. ఈ మాట నిన్న చెప్పి ఉంటే మనకి ఒక రోజు మిగిలేది."

"పేలుద్దా మేడం?"

"ఖాళీ గదిలో వస్తే మీ ఇల్లే కాదు, అటూ ఇటూ నాలుగిళ్ళు ఉండవు."

మేడం వెనకాలే వస్తుండగా వీధికి పరిగెత్తుకొచ్చి కోటేశ్వరికి చెప్పాడు. ఆవిడ తడుపుతున్న చొక్కా అతని మొహాన కొట్టింది. "లూజు కాంటాక్టన్నావు గదయ్యా! నెల రోజులు ఆ గదిలో నా బిడ్డ పక్కన పడుకున్నా గదయ్యా! నాకొక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?" అంది.  ఆవిడ కాసేపు ఏడ్చి, కొంగు దోపుకుని, "ఇప్పుడేం జెయ్యాలో చెప్పు. తర్వాత తిడతా," అంది.

ఫైరింజను పిలుద్దామని ఎవరో అన్నారు. నీళ్ళు పోస్తే అంతా ఒక్కసారి ఆవిరై గోడలు పేలతాయని మేడం వద్దన్నారు. అప్పుడు సిలార్ సాయిబు ముందుకొచ్చాడు. యాభై ఏళ్ళు బట్టీల మధ్య బతికిన మనిషి.

"మేడం, నాకు మీ లెక్కలు తెలీవు. రాయి సున్నం గావాలంటే వేడి తినాల. తిన్నంతసేపూ బయటికి పోనీదు. ఆ గది నిండా ముడిరాయి పేరిస్తే?"

 మేడం వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టారు. "నాలుగు టన్నులు పట్టాలి. పెట్టె ఉన్న గోడకి దగ్గరగా, సందులుంచి. పైకప్పు తీసెయ్యాలి."

"సందులు ఎట్టా ఉంచాలో మాకు తెలుసులే తల్లీ," అన్నాడు సిలార్. "ఒరేయ్, ట్రాక్టర్ తియ్యండి!"

పనంటే అలా చెయ్యాలి! పదిమంది బట్టీ కూలీలు, ఆడా మగా, రెండు ట్రాలీల రాయి దింపారు. సైదారావు కప్పెక్కి తన ఇంటి రేకులు తనే ఒక్కొక్కటీ విప్పి కిందికి జార్చాడు. కోటేశ్వరి గిన్నెలూ బట్టలూ పిల్ల పుస్తకాలూ బయటికి మోసింది. మంచం ఉన్నచోట రాయి పడింది, పొయ్యి ఉన్నచోట రాయి పడింది. సిలార్ లోపల నిలబడి ప్రతి రాయినీ తట్టి చూసి, ఇది ఇటు, అది అటు అని పేర్పించాడు. బయట నలభై ఆరు డిగ్రీలు. సైదారావు ఒళ్ళంతా చెమట ధారలు కడుతోంది. ఆ చెమట చూసుకున్నప్పుడల్లా అతనికి పిల్ల గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మూడున్నరకి వీధి ఖాళీ చేశారు. అందరూ ఆ చివర లారీలు తూచే కాటా గది నీడలో చేరారు. మోక్షితను తొట్టిలో నడుముదాకా నీళ్ళలో కూర్చోబెట్టి తల మీద గుడ్డ కప్పింది తల్లి. నాలుగైంది. ఏమీ లేదు. నాలుగూ ఐదు. ఏమీ లేదు. సైదారావు లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"కుదురుగా ఉండవయ్యా," అంది కోటేశ్వరి. ఆవిడ మాత్రం పిల్ల తల మీది గుడ్డ ఆరకముందే మళ్ళీ మళ్ళీ తడుపుతోంది.

నాలుగూ తొమ్మిదికి గాలి ఊగింది. చప్పుడు లేదు, పొగ లేదు, మంట లేదు. కప్పు లేని ఇంట్లోంచి వేడి నిలువుగా ఆకాశంలోకి లేచింది. పెట్టె ఉన్న గోడ పక్క రాళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పసుపు రంగుకు తిరిగాయి, ఆ తర్వాత చూడ్డానికి వీల్లేకపోయింది. రాళ్ళు పటపటమని పగిలాయి. తలుపు చెక్క తనంతట తానే భగ్గుమంది. కాటా గది దాకా సెగ కొట్టి జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు. పక్కింటి గోడ నిలువునా బీట తీసింది గానీ పడలేదు.

"తింటంది," అన్నాడు సిలార్ సాయిబు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ. "రాయి తింటంది మేడం. భయం లేదు."

ప్రసూనాంబ కింద కూర్చుండిపోయారు. ఆవిడ చేతిలో గడియారం ఉందే గానీ దాన్ని చూడ్డం లేదు.

పొద్దు వాలుతుండగా ఆ వెలుగు తగ్గడం మొదలైంది. గోడలు లోపలికి కూలాయి. అవీ నాపరాళ్ళే కదా, అవీ సున్నమయ్యాయి. రెండు గదుల ఇల్లు ఉన్నచోట తెల్లటి కుప్ప ఒకటి మిగిలింది. వీధిలో ఎవరికీ చిన్న బొబ్బ కూడా లేదు. కూలీలు ఒకర్నొకరు పట్టుకుని అరిచారు. సైదారావు భుజం మీద ఎవరెవరో చేతులు వేశారు. అతనికి ఇల్లు పోయిందన్న బాధ ఇంకా తెలియడం లేదు.

మోక్షిత తొట్టిలోంచి తల ఎత్తి అటే చూస్తోంది. ఆ పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. కాసేపటికి తండ్రి చొక్కా పట్టుకు లాగింది.

"నాన్నా, అదంతా నా మీద పడాల్సిన ఎండేనా?"

సైదారావు తొట్టి పక్కన చతికిలబడ్డాడు.

"నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను గదా. అప్పుడు అదంతా గోడలో ఉందా?"

"ఉందమ్మా."

పిల్ల తొట్టిలోంచి లేచి నిలబడింది. తల మీది తడిగుడ్డ తీసి తల్లి చేతిలో పెట్టింది. ఇంకా సెగ తగ్గని ఆ వీధిలో పొడి నేల మీద దిగి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇంక నాకు చల్లగా వద్దు," అంది. "నేను ఓర్చుకుంటా. నా వల్ల ఇల్లు కాలిపోయింది."

అప్పటిదాకా పంటిబిగువున ఉన్న సైదారావు బోరుమన్నాడు. పిల్లను ఎత్తుకుని మళ్ళీ నీళ్ళలో దించుతుంటే ఆ పిల్ల కాళ్ళు బిగబట్టి గింజుకుంది. బలవంతాన దించి, తనూ చొక్కాతోనే తొట్టిలో దిగి కూర్చుని, వీధి వీధంతా వింటుండగా చెప్పాడు.

"నీ వల్ల కాదమ్మా. విను. మేడం ఆపమన్న చోట నేను ఆపలా. తీగ తెంపింది నేను. మీ అమ్మకి అబద్ధం చెప్పింది నేను. ఎండ నీది కాదు, తప్పూ నీది కాదు. నువ్వు చల్లగా ఉండాల. అది నీ హక్కు."

పిల్ల అతని మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో అతనికి తెలియలేదు. దోసిలితో నీళ్ళు తీసి ఆ పిల్ల తల మీద పోస్తూ, ఆ మాటే మళ్ళీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.